మురుగు పక్షం

మా పురపాలక సంఘం కమిషనర్ గారు మూడు రోజులు రాజధానికి వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. అంతకు ముందు ఆయన మామూలు మనిషే. అర్జీ ఇస్తే తీసుకునేవారు. తీసుకున్నది బల్ల మీద పెట్టేవారు. బల్ల మీద పెట్టింది అక్కడే ఉండేది. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

ఆ శిక్షణలో ఎవరో ఒప్పించే వ్యాసం ఎలా రాయాలో పాఠం చెప్పారట. మన మాట మనం చెప్పుకుంటే చాలదు, ఎదుటివాడు ఏమంటాడో అదీ మనమే చెప్పాలి, చెప్పి దాన్ని ఖండించాలి, అప్పుడే చదివేవాడు మన వైపు వస్తాడు అని. పాఠం బాగానే ఉంది. విన్న మిగతా కమిషనర్లు మధ్యాహ్నం భోజనం చేసి హాయిగా మరచిపోయారు. మా కమిషనర్ గారు ఆ రోజు ఉపవాసం.

ఆయన వచ్చిన మర్నాడే ఆఫీసు గోడ మీద సర్క్యులర్ వెలిసింది.

"ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇకపై ఈ కార్యాలయమునకు సమర్పించు ప్రతి అర్జీయందును వాదము, ప్రతివాదము, ఖండన అను మూడు భాగములు విధిగా ఉండవలెను. ఒక్కొక్క భాగమునకు పది మార్కులు. ప్రతివాదము లేని అర్జీ ఏకపక్షముగా భావించబడి తిరస్కరించబడును."

నేను తెలుగు సాహిత్యం ప్రధానంగా బి.ఏ. చదివి, ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తున్నాను. నా చదువుకి అక్కరపడే రోజు ఒకటి వస్తుందని మా నాన్న అంటూండేవారు. ఆ సర్క్యులర్ చూసి, వచ్చిందనుకున్నాను.

సంగతేమిటంటే, మా మూడో అడ్డరోడ్డులో మంచినీళ్ళ గొట్టమూ మురుగు గొట్టమూ ఒకే గోతిలో పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఎక్కడో రెండూ పగిలి, ఒకదాని సంగతులు ఒకదానికి చెప్పుకుంటున్నాయి. పొద్దున్నే కుళాయి తిప్పితే మొదటి రెండు బిందెలు టీ రంగులో వస్తాయి. మూడో బిందెకి టీ పల్చబడుతుంది. వాసన గురించి రాయను, మీరు ఏ ఫలహారం చేస్తూ చదువుతున్నారో ఏమో.

మా ఇంట్లో ఫిల్టరు ఉంది. ఈ విషయంలో నాకు హాస్యం మిగిలి ఉండటానికి కారణం అదే. ఎదురింటి నాంచారమ్మకు ఫిల్టరూ లేదు, హాస్యమూ లేదు. జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతుంది. మొగుడు లారీ మీద పోతే నెలకోసారి కనిపిస్తాడు. డబ్బులున్నప్పుడు తాగడానికి క్యాను నీళ్ళు తెప్పించినా, లేనప్పుడు తాగేది, రోజూ బియ్యం కడిగేది, గిన్నెలు తోమేది ఆ కుళాయి నీళ్ళతోనే. మూడో తరగతి చదివే కూతురు లిఖితకు ఈ ఏడాదిలో రెండుసార్లు కామెర్లొచ్చాయి. ఇంకోసారి వస్తే తన దగ్గరికి తేవద్దు, తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు.

"అక్కా, నువ్వు చదువుకున్నావు గదా, ఓ కాయితం రాసిపెట్టు," అని నాంచారమ్మ వచ్చింది.

రాశాను. పగిలిన గొట్టం మార్చమని ఒక పేజీ. ఇద్దరం కలిసి పట్టుకెళ్ళాం.

ఆఫీసులో అర్జీలు తీసుకునే సీనియర్ అసిస్టెంటు దైవాధీనం గారు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

"ప్రతివాదం ఏదమ్మా?"

"కుళాయిలో మురుగొస్తోందండి. దానికి ప్రతివాదం ఏముంటుంది?"

"అదే మీరు రాయాలి."

"మురుగు రావడం మంచిదని రాయాలా?"

"నేనేం చెప్పకూడదమ్మా. చెబితే నేనొక పక్షం వహించినట్టవుతుంది."

నాంచారమ్మ ముందుకు వంగింది. "బాబూ, పిల్లకి కామెర్లండీ."

"నాకు తెలుసమ్మా, బాధగానే ఉంది. కానీ అవతలి వైపు నుంచి కూడా ఆలోచించాలి కదా."

"కామెర్ల వైపు నుంచా?" అంది నాంచారమ్మ.

దైవాధీనం గారు కాసేపు నిజంగానే ఆలోచించి, "అలా రాసినా తీసుకుంటాం," అన్నారు.

బయట వరండాలో బల్లలన్నీ నిండిపోయి పరీక్ష హాలులా ఉంది. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ఒకాయన, "మా నాన్నగారు బతికే ఉండవచ్చునని కొందరు వాదించవచ్చు" అనే వాక్యం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంటున్నాడు. వీధికుక్కల బెడద మీద వచ్చిన ఒకావిడ కుక్కల పక్షాన మూడు పేజీలు రాసి, వాటి మీద జాలి పుట్టి, అర్జీ చించేసి వెళ్ళిపోయింది. ఆ కేసు పరిష్కారమైనట్టు ఆఫీసు వాళ్ళు లెక్క రాసుకున్నారు.

అక్కడే నిలబడి నేనూ ఒక వాక్యం చేర్చాను. "ఈ నీటివల్ల నష్టమేమీ లేదని ఎవరైనా అనవచ్చు. అది అబద్ధం." రెండు రోజులకు కాగితం ఎర్రసిరాతో తిరిగొచ్చింది. వాదం, ఆరు. ప్రతివాదం, రెండు. కింద కమిషనర్ గారి దస్తూరీతో, "ప్రతివాదమునందు చిత్తశుద్ధి లోపించినది."

"ఇలా రాస్తే ఎలాగమ్మా?" అన్నారు దైవాధీనం గారు, ట్యూషన్ మాష్టారిలా. "ఎదుటివాణ్ణి లేవనివ్వకుండానే పడగొట్టేశారు. మురుగుకీ ఒక అవకాశం ఇవ్వాలి. మనసు పెట్టి రాయండి."

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "ఇవాళ పులుసులో ఉప్పు తక్కువైంది," అన్నారు.

"దీనికి ప్రతివాదం?" అన్నాను.

ఆయన మారు మాట్లాడకుండా తినేశారు. సర్క్యులర్‌లో మంచి లేకపోలేదు.

మర్నాడు పొద్దున్న పొయ్యి మీద పప్పు పడేసి, వంటింటి గట్టు మీదే కాగితాలు పరుచుకున్నాను. మనసు పెట్టమన్నారు కదా, పెట్టాను. అసలు మురుగులో ఏముందని అడిగాను. మనం వార్చిన గంజి, మనం కడిగిన పప్పు నీళ్ళు, మనం పారబోసిన మజ్జిగ. మన బలమంతా కాలువ పాలవుతూంటే, దాన్ని తిరిగి మన కుళాయికి చేర్చే గొట్టాన్ని పగిలిన గొట్టమంటామా, తల్లి మనసున్న గొట్టమంటామా అన్నాను. శుద్ధి చేసిన నీళ్ళు తాగే పిల్లలు చినుకు పడితే తుమ్ముతారన్నాను. ఏ ఇంటి ఎంగిలి ఏ ఇంటికి చేరుతుందో తెలియని ఈ వీధిలో ఉన్నంత సమానత్వం ఇంకెక్కడ ఉందన్నాను. నాలుగు పేజీలైంది. కాలేజీ వదిలాక ఇంత బాగా నేను రాసింది లేదు. ఆఖరి పేరాకి వచ్చేసరికి నాకే కాస్త నమ్మకం కుదిరింది.

అప్పుడు మాడు వాసన వచ్చింది. ఒక చేత్తో పప్పు దించి, రెండో చేత్తో ఖండన మూడు వాక్యాల్లో ముగించాను.

ఈలోగా సర్క్యులర్‌కి సవరణ వచ్చింది. అర్జీదారే రెండు పక్షాలూ రాసేస్తే నమ్మకం చాలదు గనుక, ప్రతివాదాన్ని ఒక ప్రత్యర్థి స్వయంగా హాజరై చదవవలెను. మా వీధిలో మురుగు కావాలనే మనిషి కోసం ఇల్లిల్లూ తిరిగాం. ఒక్కరూ దొరకలేదు. ఆఫీసు గేటు బయట, జిరాక్సు షాపు పక్కన, దొరికారు.

గొడుగు కింద బల్ల వేసుకుని వీరరాఘవులు గారు కూర్చున్నారు. ఒకప్పుడు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవారు. నాటకాలు పోయాక అర్జీలు రాసేవారు. ఇప్పుడు వెనక అట్టముక్క మీద, "ఇచ్చట ప్రత్యర్థిగా ఉండబడును" అని రాయించుకున్నారు. పొద్దుటి నుంచి అప్పటికి ఆయన ఆరుగురికి ప్రత్యర్థి.

"మురుగు పక్షమా?" అని నా కాగితాలు చదివి కళ్ళు పెద్దవి చేశారు. "అమ్మగారూ, ఇది వేషం! పొద్దుట్నించీ జనన ధ్రువపత్రాల మీద, పుట్టలేదు పుట్టలేదు అని గొంతు చించుకుంటున్నా. రసం ఏదీ? ఇందులో ఉంది."

ప్రతిఫలంగా వాళ్ళావిడకి రెండు జాకెట్లు కుట్టిపెట్టమన్నారు. నాంచారమ్మ ఒప్పుకుంది.

విచారణ కమిషనర్ గారి గదిలో. నా వాదం నేను చదివాను. అందరూ విన్నారు. తరువాత వీరరాఘవులు గారు లేచి కండువా సర్దుకున్నారు. మొదటి పేజీ మామూలుగా చదివారు. రెండో పేజీలో రాగం వచ్చింది. "తల్లి మనసున్న గొట్టం" దగ్గర ఆయన గొంతు వణికింది, కమిషనర్ గారి గడ్డం వణికింది. అటెండరు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సమానత్వం దగ్గర దైవాధీనం గారు చప్పట్లు కొట్టబోయి, పక్షపాతమని గుర్తొచ్చి, చేతులు జేబులో పెట్టుకున్నారు.

తరువాత నా ఖండన. మూడు వాక్యాలు. చదవడానికి నీళ్ళు మింగినంత సేపు పట్టలేదు.

కమిషనర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా ఇన్నేళ్ళ సర్వీసులో ఇంతటి ప్రతివాదము వినియుండలేదు. అమ్మా, ఇది రాసినది మీరేనా?"

"నేనేనండి," అన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణం నాకు సంతోషమేసింది.

ఆయన డిక్టేషన్ ఇచ్చారు. "ప్రతివాదమునకు పది. ఖండనకు మూడు. సదరు ప్రతివాదము ఖండనకు లొంగనందున, మూడవ అడ్డరోడ్డుకు సరఫరా అగుచున్న నీటిని పోషక జలముగా ఇందుమూలముగా గుర్తించడమైనది. గొట్టము యథాతథము."

నాంచారమ్మ నా మోచేయి పట్టుకుంది. "అక్కా, గెలిచామా?"

"నేను గెలిచాను," అన్నాను.

వారం తిరక్కుండా వీధి మొదట్లో నీలం బోర్డు పెట్టారు, "పోషక జల వీధి" అని. పక్క వీధి వాళ్ళు చూసి, మాకెందుకివ్వరని అర్జీ పెట్టారు కూడా. అదే వారం లిఖితకు జ్వరమొచ్చింది. డాక్టరు కంటి రెప్పలు లాగి చూసి రక్తం తీయించాడు. ఫలితం వచ్చేదాకా మధ్యాహ్నమంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాం. పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నాంచారమ్మ గోడకేసి చూస్తూ, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"అక్కా, మురుగు గురించి అంత బాగా ఎట్టా రాశావే?"

కోపంగా అడిగి ఉంటే జవాబు చెప్పుకునేదాన్ని.

ఈసారికి మామూలు జ్వరమేనన్నారు. కానీ ఆ నీళ్ళు తక్షణం మానాలన్నాడు డాక్టరు. "కుళాయి మార్చుకోండమ్మా, లేదా ఇల్లు మార్చుకోండి," అన్నాడు. నాంచారమ్మకు రెండూ చేతిలో లేవు. ఆఫీసు ఉత్తర్వు మీద మళ్ళీ అర్జీ పెడదామంటే, ఒకసారి తేలిన వాదం అర్జీదారులు ఏడాది దాకా ఎత్తరాదని ఇంకో సవరణ వచ్చి ఉంది.

మాడిన పప్పు గిన్నె ఇంకా నానుతూనే ఉంది. దాన్ని తోముతూ ఆలోచించాను. ఆఫీసు వారే పోషక జలమన్నారు. పోషకమే అయితే, ఒక్క వీధికే ఇవ్వడం అన్యాయం కదా? మా అడ్డరోడ్డు చివర గోడ దాటితే కమిషనర్ గారి క్వార్టరు. పాపం, ఆయనకు వేరే గొట్టంలో వట్టి నీళ్ళు వస్తున్నాయి.

ఈసారి పొయ్యి వెలిగించలేదు. బయటి నుంచి ఇడ్లీలు తెమ్మని మా ఆయన్ని పంపించి కూర్చున్నాను. "విషయం: మూడవ అడ్డరోడ్డు పోషక జలములను ఆఫీసర్ల క్వార్టర్లకు విస్తరించుట గురించి." వాదం రెండు పేజీలు, ఖండన ఆరు. నాంచారమ్మతో కలిసి వీరరాఘవులు గారి దగ్గరికెళ్ళి, మీ ఇష్టమొచ్చినట్టు వ్యతిరేకించండి, బాగా మాత్రం చేయకండి అన్నాను.

"అదేం మాటండీ! వేషం కట్టాక బాగా చేయకుండా ఉండటం నావల్ల కాదే."

నాంచారమ్మ సంచిలోంచి జాకెట్లు తీసి బల్ల మీద పెట్టింది. "మొన్న మా పిల్లని ఆసుపత్రికి తీసుకుపోయామండీ," అంది.

వీరరాఘవులు గారు జాకెట్ల వైపు చూడలేదు. గొంతు సవరించుకుని, "దగ్గొస్తోందమ్మా నాకు. రేపటికి ఇంకా ఎక్కువవుతుందేమో," అన్నారు.

మర్నాడు కమిషనర్ గారు కలెక్టరాఫీసు మీటింగుకి వెళ్ళారు. విచారణ దైవాధీనం గారు చేశారు. వీరరాఘవులు గారు, "ఆఫీసర్లకు అరగదు," అని ఒక్క ముక్క చదివి మూడు నిమిషాలు దగ్గారు. ప్రతివాదానికి రెండు. నా ఖండనకు పది. దైవాధీనం గారు మార్కులు కూడి, ఎక్కువ వచ్చిన వైపు సంతకం పెట్టి, ఫైలు ఇంజనీరింగు సెక్షనుకి పంపేశారు. విషయం ఏమిటో చూడలేదు. చూస్తే పక్షం వహించినట్టవుతుంది.

మా గొట్టం కోసం ఎనిమిది నెలలుగా కదలని ఇంజనీరింగు సెక్షను, కమిషనర్ గారి ఇల్లనేసరికి సోమవారం ఉదయానికే పలుగులూ పారలతో దిగింది. సాయంత్రానికి గోడ కింద నుంచి మా గొట్టాన్ని ఆయన గొట్టంతో కలిపేసి, వట్టి నీళ్ళ గొట్టానికి మూత బిగించి వెళ్ళారు. మంగళవారం పొద్దున్న కమిషనర్ గారి శ్రీమతి బియ్యం కడగడానికి కుళాయి తిప్పారు. ఆవిడ అరుపు మా పెరట్లోకి వినిపించింది.

ఆయన ఫోన్ చేసి తీయించేయవచ్చు. కానీ ఉత్తర్వు ఆయన ఆఫీసుది, పద్ధతి ఆయనది. మార్కులతో తేలిన ఉత్తర్వుని తగిన ప్రతివాదం లేకుండా మార్చరాదని సర్క్యులర్‌లో ఎనిమిదో పేరా. కాబట్టి కమిషనర్ గారు తానే ప్రత్యర్థిగా నిలబడ్డారు. తన కేసులో తాను తీర్పరిగా కూర్చోకూడదు గనుక ఆ కుర్చీలో దైవాధీనం గారు కూర్చున్నారు, అంచు మీద.

కమిషనర్ గారి చేతిలో సొంత దస్తూరీతో రాసిన కాగితాలు. కళ్ళ కింద నలుపు.

"సదరు నీరు గోధుమ వర్ణమున, దుర్గంధభరితముగా ఉన్నది," అని మొదలుపెట్టారు. "ఇందులో మురుగు కలియుచున్నదనుటకు పరీక్ష కూడా అక్కరలేదు. ఇట్టి నీటిచే కామెర్లు, టైఫాయిడు, విరేచనములు సంభవించును. నిన్నటి నుండి మా ఇంట ఇద్దరు పడియున్నారు." అక్కడ గ్రాంథికం జారిపోయింది. "ఇది మనుషులు తాగే నీళ్ళేనా అని అడుగుతున్నాను. పసిపిల్లలుండే ఇళ్ళకి ఇలాంటి నీళ్ళు వదలడం నేరం కాదా?"

రాగం లేదు. అయినా వీరరాఘవులు గారి కంటే బాగా చదివారు. చిత్తశుద్ధిలో ఏ లోపమూ లేదు.

దైవాధీనం గారు పది మార్కులు వేశారు. "అమ్మా, మీ ఖండన?"

నేను లేచాను. "ఖండన లేదండి."

"లేకపోతే ఎలా? ఆరేడు పేజీలు తెస్తారుగా మీరు!"

"కమిషనర్ గారు చెప్పిన ప్రతి అక్షరం నిజం. ఒప్పుకుంటున్నాను."

కమిషనర్ గారి ముఖం విప్పారింది. "చూశావటయ్యా దైవాధీనం! ఒప్పించడమంటే ఇదీ!"

"అవునండి," అని దైవాధీనం గారు సర్క్యులర్ తిరగేశారు. "ఖండన లేని చోట ప్రతివాదమే కార్యాలయ నిర్ణయం. రాస్తున్నానండి. సదరు నీరు మనుష్యులు తాగుటకు పనికిరాదని, దానిని సరఫరా చేయుట నేరమని ఈ కార్యాలయము..." కలం ఆగింది. "సార్, మరి ఆ పోషక జలం ఉత్తర్వు?"

కమిషనర్ గారు తడుముకున్నారు. "అది... అది ఆ వీధికి సంబంధించినంత వరకు..."

"నీళ్ళొకటేనండి," అన్నాను. "ఇప్పుడు గొట్టం కూడా ఒకటే. మీ ఆఫీసు వాళ్ళే కలిపారు."

కమిషనర్ గారు నా వైపు చూశారు, తలుపు దగ్గర నిలబడ్డ నాంచారమ్మ వైపు చూశారు, తన చేతిలోని సొంత దస్తూరీ వైపు చూశారు. ఇంకో ప్రతివాదం ఉందేమోనని వెతుక్కుంటున్నట్టే ఉంది. ఇంట్లో పడి ఉన్న ఇద్దరూ గుర్తొచ్చారేమో, కాగితాలు బల్ల మీద పెట్టేశారు.

"రాయవయ్యా," అన్నారు.

గురువారానికి మురుగు గొట్టం రోడ్డుకి అవతలి వైపు జరిగింది. మంచినీళ్ళకు కొత్త గొట్టం వేశారు. శుక్రవారం పొద్దున్న నాంచారమ్మ కుళాయి తిప్పి మొదటి బిందె పారబోసింది, అలవాటుగా. రెండోదీ పారబోసింది. మూడో బిందెలో అడుగు దాకా కనిపించింది. గ్లాసు ముంచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూసి లిఖితకు ఇచ్చింది.

పిల్ల రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించింది.

"ఏంటమ్మా ఇవి? ఏ రుచీ లేదు."

నాంచారమ్మ గ్లాసు తీసుకుని మళ్ళీ నింపింది.